బరువు తగ్గించే ఇంజెక్షన్లు: ఓర్చుకోదగినవి, ఓర్చుకోరానివి

స్థూలకాయాన్ని తగ్గించుకోవడానికి వారానికొకసారి తీసుకునే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు 2025లో మన దేశ విపణిలోకి వచ్చాయి. తొలి వారాల్లో వికారం మొదలవగానే కొందరు భయపడి మందు మానేస్తారు. మరికొందరు ఎంతటి బాధనైనా మౌనంగా భరిస్తారు. ఈ రెండూ సరైనవి కావన్నదే మేము చెప్పదలచిన విషయం.

భోజనం చేసినప్పుడు మన పేగులు విడుదల చేసే హార్మోన్ల పనిని ఈ మందులు అనుకరిస్తాయి. ఆకలిని అణచి, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. అలా నెమ్మదించిన కడుపును పాత అలవాటు ప్రకారం నింపితే వికారం, తేన్పులు, వాంతులు ఎక్కువవుతాయి. కొందరికి విరేచనాలు, మరికొందరికి మలబద్ధకం కలుగుతాయి. అందుకే వెగోవీని 0.25 మి.గ్రా.తో, మౌంజారోను 2.5 మి.గ్రా.తో ప్రారంభించి, ఒక్కో మెట్టులో కనీసం 4 వారాలు ఉంచుతారు. బాధ తగ్గకుంటే మోతాదు పెంపును వాయిదా వేయమని వైద్యుణ్ణి కోరవచ్చు.

కొద్దికొద్దిగా, నిదానంగా తినాలి. చాలనిపించిన క్షణమే ఆపాలి. వేపుళ్లు, నూనె తేలే కూరలు తగ్గించాలి. బరువుతోపాటు కండ కూడా కరుగుతుంది కనుక గుడ్డు, చేప, పప్పు, పెరుగు ముందుగా తినాలి. నీటిని గుక్కగుక్కగా తరచూ తాగాలి. "ఇంకొక్క ముద్ద" అని బలవంతం చేయడం ఆప్యాయతే కావచ్చు. ఈ మందు వాడేవారికి మాత్రం అది బాధనే మిగులుస్తుంది.

రమజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. మందు కొత్తగా మొదలుపెట్టడానికీ, మోతాదు పెంచడానికీ అది అనువైన మాసం కాదు. ఖర్జూరం, నీళ్లతో ఇఫ్తార్ చేసి, కొంత విరామం తర్వాతే మితంగా భుజించాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి కూడా వాడేవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. వ్యాధిగ్రస్తులు ఉపవాసాన్ని ఇతర దినాలకు వాయిదా వేసుకునే సడలింపును దివ్య ఖుర్‌ఆన్ (2:185) ఇచ్చింది. దానిని వినియోగించుకోవడం బలహీనత కాదు.

కొన్ని లక్షణాలను ఎంతమాత్రం ఓర్చుకోరాదు. కడుపు పైభాగంలో మొదలై వీపువైపు పాకే తీవ్రమైన నొప్పి క్లోమగ్రంథి వాపుకు సూచన కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయంలోని రాళ్ల వల్ల రావచ్చు. నీళ్లు కూడా నిలవని వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం కూడా ఇటువంటివే. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా వేచి ఉండక ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భం ధరించదలచిన స్త్రీలు వెగోవీని కనీసం 2 నెలల ముందే ఆపాలి. శస్త్రచికిత్స జరగవలసి ఉంటే మత్తుమందు ఇచ్చే వైద్యునికి ఈ ఇంజెక్షన్ సంగతి తప్పక తెలపాలి.

బరువు గురించి నలుగురూ ఏమంటారోనని ఈ మందును ఇంట్లోవారికి కూడా తెలియకుండా వాడేవారున్నారు. అర్ధరాత్రి నొప్పి వచ్చినప్పుడు ఆ గోప్యతే ప్రాణం మీదికి తెస్తుంది. దేహం మనకు అప్పగించబడిన అమానత్. దాని బాధను దాచడం సహనం అనిపించుకోదు. ఇంట్లో ఒక్కరికైనా మందు పేరు, మోతాదు, తీసుకునే వారం తెలిసి ఉండాలి.