అరికాలి కింద వేలెడు స్పాంజి

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమలో మేకు దిగినట్టు పోటు. పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. బిలాస్‌పూర్ లింగియాడీహ్‌లో నాతోపాటు వాకింగుకు వచ్చేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు మావి. కీమ్యాన్లుగా, గ్యాంగ్‌మెన్లుగా పట్టాల వెంట కంకర మీద మైళ్లకు మైళ్లు నడిచినవాళ్లు మా పెద్దలు. ఆ ఇళ్ల పిల్లలమే ఇప్పుడు సిమెంటు రోడ్డు మీద అరిగిన హవాయి చెప్పులతో నడిచి, ఇంటికొచ్చి మడమ పట్టుకుంటున్నాం.

పాదం ఒక విల్లు. 26 ఎముకలతో వంపు తిరిగిన ఆ వింటికి నారిలాంటిది ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీ. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలంతా సాగి ఉంటుంది. రాత్రంతా కదలక బిగిసిన నారి తెల్లవారి మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. ఆ పోటు అదే. పైనుంచి బరువు కూడా తక్కువేం కాదు. నడకలో ప్రతి అడుగూ మన బరువు కంటే కాస్త ఎక్కువ బలాన్నే మోస్తుంది. పరుగులో అది రెండు మూడింతలవుతుంది. 60 కిలోల మనిషి పరుగెత్తితే ఒక్కో కాలి మీద 120 నుంచి 180 కిలోల భారం పడుతుందన్నమాట.

ఈ భారానికీ నేలకూ మధ్య ఒక మెత్తని పొర ఉండాలన్న ఆలోచన బూటు చరిత్రలో ఆలస్యంగా వచ్చింది. ఎండకు కరగని, చలికి పెళుసెక్కని రబ్బరు తయారీకి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. దాంతో గుడ్డ బూటుకు రబ్బరు అడుగు వచ్చింది. ఇంగ్లండులోని బోల్టన్‌లో జోసెఫ్ విలియం ఫోస్టర్ 1890లలో పరుగు బూట్లకు మేకులు బిగించాడు. ఇవన్నీ నేల మీద పట్టు కోసం చేసినవే. అరికాలి సుఖం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ సుఖం లేకపోయినా బలమైన పాదం పరుగెత్తగలదని 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా చూపించాడు. ఆ ఇథియోపియా వీరుడు వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు.

మెత్తని అడుగు కథలో ముఖ్యమైన అధ్యాయం మన దేశంలోనే, పరుగెత్తలేని వాళ్ల కోసం మొదలైంది. కొల్లి కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరాడు. కుష్ఠురోగుల పాదాలు కుళ్లడానికి కారణం కండ చెడిపోవడం కాదనీ, స్పర్శ పోవడమేననీ గుర్తించాడు. నొప్పి తెలియదు కనుక పుండు మీదే మళ్లీ మళ్లీ అడుగు పడుతోంది. అందుకే లోపలంతా సన్నని గాలి బుడగలున్న మైక్రోసెల్యులార్ రబ్బరుతో చెప్పులు చేయించారు. భారం ఒక్క చోట గుచ్చుకోకుండా అరికాలంతా పరుచుకుంటుంది. మేకు పైకి తేలి గుచ్చుకునే భయం లేకుండా వాటిని కుట్టో అంటించో బిగించారు. షుగరు ఉన్నవాళ్లు ఇవాళ కొట్టులో అడిగే ఎంసీఆర్ చెప్పులు ఆ పనికి వారసులే.

అమెరికాలో కథ వేరే దారిలో సాగింది. ఒరెగాన్ పరుగుల కోచ్ బిల్ బౌవర్‌మన్ 1971లో భార్య వాఫిల్స్ చేసే పెనంలో, మన పొంగణాల పెనంలా గుంటలున్న దాంట్లో, యూరిథేన్ పోసి కొత్త అడుగు కోసం ప్రయత్నించాడు. ఆ పెనం అంటుకుపోయి పాడైంది గానీ ఆలోచన నిలిచింది. 1974లో ఆ గళ్ల అడుగుకు పేటెంటు వచ్చింది. దాదాపు అప్పుడే ఈవీఏ అనే తేలికపాటి స్పాంజి పరుగు బూటులోకి చేరింది. లోపలి బుడగలు అణిగి లేస్తూ దెబ్బను కాస్త ఎక్కువసేపు పరుస్తాయి. అందుకే కుదుపు తగ్గుతుంది.

ఆ తర్వాత పాదం లోపలికి ఒరగకుండా ఆపే గట్టి దిమ్మెలు వచ్చాయి. తడి పాదం ముద్ర చూసి, చదును పాదానికి ఒక బూటు, ఎత్తు వంపుకు మరొకటి అని అమ్మడం మొదలైంది. అయితే అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ల శిక్షణార్థుల మీద చేసిన పరిశోధనలు 2009, 2010లలో వెలువడ్డాయి. ముద్రను బట్టి బూటు ఇచ్చినందువల్ల గాయాలు పెద్దగా తగ్గలేదని అవి చెప్పాయి. కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెన్నో నిగ్, ఆయన సహచరులు 2015లో మరో మాట ముందుకు తెచ్చారు: ఏ బూటులో పాదానికి హాయిగా ఉందో అదే చాలావరకు సరైన బూటు. వెల్లూరులో స్పర్శ లేక దెబ్బతిన్న పాదాలు చెప్పిందీ ఇదే. పాదాన్ని కాపాడేది దాని సొంత తెలివిడి.

కనుక బూటు కొనేటప్పుడు ఆ తెలివిడికి సమయం ఇవ్వండి. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వాకింగుకు వేసుకునే సాక్సుతోనే, నిలబడి రెండు పాదాలూ కొలిపించుకోండి. పెద్ద పాదానికి సరిపోయేదే మీ సైజు. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ చుట్టూ ఉన్న కప్పు నొక్కితే నలగకూడదు. ముందు భాగాన్ని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యన మడత పడకూడదు. కొట్టులోనే నాలుగైదు నిమిషాలు నడవండి. "వాడితే వదులవుతుంది" అన్న మాట నమ్మి, కరిచే బూటు కొనకండి.

బూటుకూ ఆయుష్షు ఉంది. స్పాంజి 500 నుంచి 800 కిలోమీటర్ల తర్వాత చేవ కోల్పోతుందని సాధారణంగా లెక్క. రోజుకు మూడు కిలోమీటర్లు నడిస్తే అది సుమారు ఐదున్నర నుంచి తొమ్మిది నెలలు. పైన మెరుస్తున్నా లోపల బుడగలు అణిగిపోయి ఉంటాయి. బూటు ఒక్కటే మందు కూడా కాదు. నడక దూరాన్ని మెల్లగా పెంచాలి, పిక్కలు సాగదీయాలి, వారాలు గడిచినా పోటు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

చివరగా, షుగరు ఉన్న మా పెద్దలకు ఒక మనవి. అరికాలి స్పర్శ తగ్గిన వాళ్లకు "హాయిగా ఉందా?" అన్న ప్రశ్నకు పాదం సరైన జవాబు చెప్పలేదు. దాని బదులు కళ్లూ చేతులూ చెప్పాలి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. పొద్దున బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. మా కీమ్యాన్ తాతలు రైలు రాకముందే పట్టా పొడవునా చూసి వచ్చేవారు. ఆ జాగ్రత్త ఇప్పుడు మన పాదాలకు కావాలి.