చిత్రిక పట్టి నునుపు చేయు జంటపని యంత్రము

మన సంఘ సభ్యులలో నొకరు అధికారుల అనుమతి పొంది తమ పెరటి వేపమ్రానును కొట్టించి, కోతమిల్లులో పలకలు కోయించి, హైదరాబాదు మధురానగరమున నున్న కుమారుని యింటి తలుపులకై కొనిపోయిరి. అచ్చటి వడ్రంగి కార్ఖానాలో ఆ పలకలు ఒక యంత్రములో నీవలి ప్రక్కను దూరి, ఆవలి ప్రక్కను అద్దమువలె వెలువడినవట. చూచి సంతసించిరి గాని, కొలిచి చూడగా 30 మిల్లీమీటర్ల పలక 25 మాత్రమే యుండెను. పదునైదు దినములకు రెండు పలకలు మెలిదిరిగెను. "యంత్రము నా కొయ్యను తినివేసినది, మన సంఘ మట్టిదానిని కొనవలదు" అని వారును, "కొనవలసినదే" యని మరికొందరును వాదించుకొనుచుండగా, నేను పోయి యా యంత్రమును పనిలో నుండగా చూచి వచ్చితిని.

మధురానగరము అమీరుపేటకును యూసుఫ్‌గూడకును నడుమ నున్నది. 2019 మార్చి 20వ తేదీన ప్రారంభమైన మెట్రో మార్గములో అమీరుపేటకు తరువాతి స్టేషనే అది. అచ్చట అడుగు స్థలమునకును అద్దె గలదు. రెండు యంత్రములు నిలుపవలసిన చోట నొక్కటి నిలిపి రెండు పనులును చేయించుకొనవలెనని వడ్రంగులు కోరుటలో వింత లేదు. పల్లెలో మనకు స్థలమునకు కొదవ లేదు. కనుక వారికి లాభమైనది మనకును లాభమే యని ముందుగానే తలపరాదు.

ఇక యంత్రము సంగతి. బల్లవంటి యినుప పీఠముపై పలకను పెట్టగా, గంట్లు గల రోలరు దానిని పట్టి లోనికి లాగును. లోపల అడ్డముగా నొక ఉక్కు రోలరు మిగుల వేగముగా తిరుగుచుండును. దానియందు రెండో, మూడో, నాలుగో పొడవైన కత్తులు బిగింపబడి యుండును. ఇదియే మన వడ్రంగి చేతి రందాకు బదులు. దాని వెనుక నొక వెడల్పైన గరుకు పట్టీ రెండు మూడు రోలర్ల మీదుగా తిరుగుచుండును. ఇది ఉప్పుకాగితమునకు బదులు. కత్తులు మందమును తీయును. పట్టీ కత్తుల గుర్తులను తుడిచివేయును. సామాన్యముగా పై ముఖమే చెక్కబడును గాన, పలకను త్రిప్పి రెండవమారు పంపవలెను.

కత్తులు గుర్తు లెందుకు విడుచును? నిమిషమునకు 4,000 మార్లు తిరుగు రోలరునకు మూడు కత్తులున్నచో నిమిషమునకు 12,000 కోతలు పడును. అదే నిమిషములో పలక 6 మీటర్లు, అనగా 6,000 మిల్లీమీటర్లు సాగినచో, కోతకును కోతకును నడుమ అర మిల్లీమీటరు దూరము వచ్చును. కావున యంత్రపు చిత్రిక కంటికి నునుపుగా దోచినను, దీపమున కడ్డముగా పట్టి చూచిన చిన్న చిన్న అలలు కనబడును. పలకను తొందరపెట్టి లాగించినకొలది అలలు పెద్దవగును. పట్టీ వానిని పోగొట్టలేక వేడెక్కి కొయ్యను మాడ్చును. పని చెడినపుడు పట్టీని నిందింతురు గాని, తప్పు సాధారణముగా మొద్దువారిన కత్తిదియో తొందరపడిన మనిషిదియో అయి యుండును.

ఈ యంత్రపు వంశము పాతదే. ఇంగ్లండులో శామ్యూల్ బెంథాము 1791, 1793 సంవత్సరములలో కొయ్యపని యంత్రములకు పేటెంట్లు పొందెను. 1802లో జోసెఫ్ బ్రామా చిత్రిక యంత్రమునకును, అమెరికాలో 1828లో విలియం వుడ్‌వర్తు తిరుగు కత్తుల యంత్రమునకును పేటెంట్లు పొందిరి. వెడల్పు పట్టీని దీనితో జోడించుట చాల కాలమునకు పిమ్మట వచ్చినది.

మన సభ్యుని 5 మిల్లీమీటర్లు ఎచ్చటికి పోయెను? రంపపు గీతలును మిట్టపల్లములును పోవుటకు కత్తులు ప్రక్కకు ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్లు తీయును. పట్టీ పావు మొదలు అర వరకు తీయును. రెండు ప్రక్కలకును కలిపిన 5 సరిపోయినది. ఆరింట నొక పాలు కొయ్య చిత్రిక పొట్టయ్యెను! ఎవరును దొంగిలింపలేదు. కాని ఈ లెక్క ముందుగా చెప్పినవారును లేరు. అదియే వారి కష్టమునకు మూలము. తయారైన తలుపు 30 ఉండవలెనన్నచో, ఆరుటలో తగ్గుదలను గూడ కలుపుకొని, కోతమిల్లులోనే 36, 37 మిల్లీమీటర్లుగా కోయింపవలెను.

మెలిదిరిగిన పలకల సంగతి వేరు. అవి పచ్చివి. కొయ్య ఆరునపుడు ముడుచుకొనును. అన్ని దిక్కుల నొకే రీతిగా ముడుచుకొనదు. చిత్రిక పట్టిన పిదప ఆరిన పలక వంగకపోయిననే ఆశ్చర్యము. ఇంకొక మాట గూడ కార్ఖానాలో చూచి తెలిసికొంటిని. ముందే వంగియున్న పలకను ఈ యంత్రములో పెట్టిన, రోలర్లు దానిని అదిమి తిన్నగా చేసి పంపును. బయటికి రాగానే అది మరల వంగును. నునుపు వచ్చును, వంపు పోదు. అట్టి పలకకు ముందుగా సమతల చిత్రిక యంత్రము మీద నొక ముఖము తిన్నన చేయించి, పిదప దీనిలో పెట్టవలెను.

కాబట్టి పలకలను నీడను, గాలి యాడుచోట, నేలకు జానెడెత్తున, పొరకు పొరకు నడుమ సమమైన సన్న బద్దలు పెట్టి పేర్చవలెను. బద్దలన్నియు ఒకదానిపై నొకటి వరుసగా నుండవలెను. పలకల కొనలకు రంగు పూసిన పగుళ్లు తగ్గును. ఒక తునకను వారమున కొకమారు తూచి వ్రాసికొనుచు, బరువు తగ్గుట నిలిచినపుడు ఆరినదని యెరుగవలెను.

చెట్టు చెట్టునకును భేదము గలదు. టేకు మెత్తగా చెక్కబడును గాని దానిలోని ఇసుకవంటి పదార్థము కత్తుల వాదరను త్వరగా పోగొట్టును. దాని నూనె గరుకు పట్టీకి అంటుకొనును. వేపకు నార అల్లుకొని యుండును గాన, కత్తి కొన్నిచోట్ల పెరికివేయును. పట్టీ ఉపకరించునది ఇట్టి కొయ్యకే. నల్లతుమ్మ గట్టిది, కొంచెము కొంచెముగా పెక్కుమార్లు చెక్కవలెను. మన పొలపు గట్ల చెట్లకు తీగ కట్టుటకు కొట్టిన మేకులు కొయ్యలో పూడి యుండును. ఒక్క మేకు కత్తుల జతనంతటిని పాడుచేయును. ఆ ఖర్చు సొమ్ము ఎవరు పెట్టుకొనవలెనో ముందే మాటలాడుకొనుట మేలు.

అపాయములు చెప్పకుండుట ధర్మము కాదు. భుజముపై తువ్వాలతో యంత్రము దగ్గర నిలువరాదు. చేతి తొడుగులు వేసికొనరాదు. లాగు రోలరుకును తోయు రోలరుకును నడుమనున్న దూరముకంటె పొట్టి ముక్కలు పెట్టరాదు. అవి లోపల చిక్కుకొని వెనుకకు బాణమువలె విసరబడవచ్చును. పట్టీనుండి లేచు సన్నని పొడి చిత్రిక పొట్టుకంటె చెడ్డది. గట్టి కొయ్యల దుమ్ము మనుష్యులకు కాన్సరు కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ణయించినది. దుమ్మును పీల్చు గొట్టమును సంచియును లేని యంత్రము ఎంత చవుకైనను కొనదగదు.

పొట్టు కోళ్ల పాకలలో పరుపునకు పనికివచ్చును. పచ్చిపొట్టును నేరుగా పొలమున దున్నినచో అది కుళ్లుటకు నేలలోని నత్రజనిని వాడుకొని పైరును పసుపు బార్చును. పేడతో కలిపి గుంటలో మాగనిచ్చి వాడవలెను.

సంఘము కొనవలెనా యన్నచో, ఇప్పట్లో వలదనియే నా యభిప్రాయము. ఊరిలో తలుపులు, మంచములు ఏడాది పొడుగున పనిని ఇయ్యజాలవు. వ్యవసాయమునకిచ్చు ఉచిత విద్యుత్తును దీనికి వాడుట చెల్లదు. వేరు మీటరు కావలెను. కత్తులకు సాన పట్టగల మనిషియు కావలెను. నాలుగైదు సంఘములు కలిసి యొక షెడ్డు పెట్టదలచినచో లెక్క మారును. అప్పుడు మధురానగరమునకు ప్రక్కనే యూసుఫ్‌గూడలోనున్న జాతీయ సూక్ష్మ, లఘు, మధ్యతరహా పరిశ్రమల సంస్థలో ముందుగా విచారించుట మంచిది. ఆ సంస్థ 1960లో ఢిల్లీలో నెలకొని 1962లో హైదరాబాదునకు వచ్చినది.

మన సభ్యుని యొద్ద వేపపలకలు ఇంకను ఎనిమిది యున్నవి. వానిని పశువులపాక నీడను బద్దలు పెట్టి పేర్చితిమి. తూచుటకు తునక నొకదానిని దూలమునకు వ్రేలాడదీసితిమి.