కాయకున్న జాగ్రత్త... ముఖానికేదీ?

సొన అంటితే మామిడికాయ మీద మచ్చ పడుతుందని నూజివీడులో చిన్నపిల్లాడికీ తెలుసు. అదే సొన మూతికి అంటితే? ఆ మంట తగ్గాలని రాసుకున్న క్రీమే కొత్త మంట పెడితే?

చిక్కం కట్టిన గడ కర్ర కొమ్మల్లోకి లేస్తుంది. గుబురాకుల మధ్య ఎక్కడో 'టప్'మని చప్పుడు. ముచ్చిక తెగిన చోటు నుంచి సొన చివ్వున చిమ్ముతుంది. కోసేవాళ్లు తల పక్కకి తిప్పుకుంటారు. కాయను మాత్రం కింద పడనివ్వరు. మంచి ధర రావాలనుకునే తోటల్లో కాయను కాస్త తొడిమతో సహా కోసి, తర్వాత దాన్ని తుంచి, ముచ్చిక కిందికి ఉండేలా బోర్లిస్తారు. సొనంతా కారిపోయేదాకా ఆగుతారు. లేకపోతే అది పారిన దారంతా తొక్క కమిలి నల్లబడుతుంది. మచ్చపడిన కాయను బేరగాడు పక్కకి తోసేస్తాడు!

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి... ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ చుట్టుపక్కల ఎటు చూసినా మామిడే. 2022లో జిల్లాలు మారి నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది కానీ చిన్న రసాల పేరు చెబితే ఇప్పటికీ గుర్తొచ్చేది ఈ ఊరే. ఇంతకీ మామిడికాయ తొక్కనే కాల్చే సొన, అంతకన్నా పల్చగా ఉండే మన ముఖచర్మాన్ని ఊరికే వదులుతుందా? వదలదు. కోత పనిలో చెమట తుడుచుకున్న తువ్వాలే చెంపల మీదకీ కనురెప్పల మీదకీ దాన్ని చేరవేస్తుంది. తోట ముఖం చూడని వాళ్లకైతే రసాల బుట్టతో పాటు ఇంటికే వస్తుంది.

వేడి కాదు... సొన!

"అదేంటే, మూతి చుట్టూ అలా కందిపోయింది?"

"ఏమో అమ్మమ్మా, నిన్నటి నుంచి ఒకటే దురద."

"మామిడిపళ్లు తెగ తిన్నావుగా, వేడి చేసుంటుంది. సబ్జా నీళ్లు తాగు."

సెలవులకి పిల్లలు వచ్చిన ఇంట్లో ఏటా వినపడే మాటలే ఇవి. సబ్జా నీళ్లు తాగితే నష్టమేం లేదు, చల్లగా ఉంటుంది. కానీ దద్దు ఎక్కడొచ్చిందో చూడండి. పెదాల చివర్లు, మూతి చుట్టూ, గడ్డం మీద... పండు ఆనిన చోటే!

బంగినపల్లినైతే ముక్కలు కోసుకుని తింటాం. రసం అలా కాదు. మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, నోటికి ఆనించి జుర్రుకోవాల్సిందే. సొన ఎక్కువగా ఉండేదీ సరిగ్గా ఆ ముచ్చిక దగ్గరే. అందుకే పాతకాలం వాళ్లు పళ్లను ముందు నీళ్లలో వేసేవారు. ముచ్చిక తీశాక మొదటి చుక్కలు పిండి పారేసేవారు. పిల్లలకి అంత ఓపికెక్కడిది!

సొన రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. ఒకటి నేరుగా కాల్చడం. అందులో ఘాటైన నూనెలుంటాయి, పులుపూ ఉంటుంది. అవి పడినచోట ఎవరికైనా చుర్రుమంటుంది, మర్నాటికి నల్లగా చెక్కు కడుతుంది. రెండోది అలర్జీ. సొనలోనూ తొక్కలోనూ రిసార్సినాల్ జాతి రసాయనాలు కొన్ని ఉంటాయి. పడనివారి ఒంట్లో రక్షణ కణాలు వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ తగిలినప్పుడు తీరిగ్గా, ఒకటి రెండు రోజుల తర్వాత దాడికి దిగుతాయి. ఆదివారం తిన్న పండుకి మంగళవారం దద్దు వస్తుందన్నమాట. మధ్యలో సోమవారం కొత్త సబ్బు వాడి ఉంటే పాపం నింద దాని మీద పడుతుంది!

ఈ అలర్జీ ఉన్నవాళ్లు మామిడిని జన్మలో ముట్టుకోకూడదా అంటే, చాలామందికి ఆ అవసరం లేదు. గుజ్జులో ఆ రసాయనాలు తక్కువే. పండు శుభ్రంగా కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసి ఇచ్చేవాళ్లు ఇంకొకరుంటే హాయిగా తినగలుగుతారు. తిన్న వెంటనే పెదాలూ నాలుకా ఉబ్బి, ఊపిరాడనట్టు అనిపిస్తే మాత్రం ఇది వేరే రకం అలర్జీ. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

నల్లజీడి చుట్టరికం

మామిడి చుట్టాల్లో ఇలాంటి ఘటాలు ఇంకా ఉన్నాయి. జీడిమామిడి దాని కుటుంబమే. జీడిపిక్క పెంకులోని నూనె తగిలితే చేతులు పొక్కిపోతాయని పలాస వైపు వాళ్లని అడిగితే చెబుతారు. చాకిరేవులో బట్టలకి గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా ఆ ఇంటిదే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మన దేశంలో ఉన్న అమెరికా సైనికులకి మెడ మీదా, గుర్తు తగిలిన మరికొన్ని చోట్లా దద్దుర్లు లేస్తుంటే, కారణం చాకలి గుర్తేనని వాళ్ల డాక్టర్లు 1943లో తేల్చారు. జపాన్‌లో పెట్టెలకూ గిన్నెలకూ మెరుగుపూత వేసే చెట్టుపాలూ, అమెరికాలో ముట్టుకుంటేనే దురద పుట్టించే 'పాయిజన్ ఐవీ' తీగా... అన్నీ ఒకే వంశం.

ఈ చుట్టరికానికి ఇజ్రాయెల్‌లో చక్కటి సాక్ష్యం దొరికింది. అక్కడి మామిడితోటల్లో పని చేసిన వాళ్లలో అమెరికా నుంచి వచ్చిన కుర్రాళ్లకి దద్దుర్లు వచ్చాయి, పక్కనే అదే పని చేసిన స్థానికులకి రాలేదు. తీగ తగిలి అమెరికా వాళ్ల చర్మం ముందే తయారై ఉందనీ, స్థానికులు చిన్నప్పటి నుంచీ పండు తింటూ అలవాటుపడి ఉండొచ్చనీ 2005లో పరిశోధకులు రాశారు. తోటల మధ్య పెరిగిన పిల్లాడు నలభై పళ్లు జుర్రినా ఏమీ కాకపోవడం, ఎక్కడి నుంచో వచ్చిన మేనత్త కూతురికి రెండింటికే మూతి పగలడం వెనక ఇలాంటిదే ఏదో ఉండొచ్చు.

మూడ్రోజుల ముచ్చట

ఇంతవరకూ పెద్ద ప్రమాదమేం లేదు. సొన దద్దు ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గేదే. అసలు కథ అప్పుడే మొదలవుతుంది.

వేసవంటే పెళ్ళిళ్లు కూడా కదా! ఆ వారంలోనే ముహూర్తం, మొహం చూస్తే ఇలా. వెంటనే మందుల షాపుకి పరుగు. అక్కడొక ట్యూబు చేతిలో పెడతారు. రాత్రి రాసుకుంటే తెల్లారేసరికి ఎరుపు సగం పోతుంది. మూడోరోజుకి దద్దు మాయం. పైగా ముఖం తెల్లగా వచ్చినట్టు కూడా ఉంటుంది. "భలే క్రీము పిన్నీ, నువ్వూ రాయి!" ఇక అది అద్దం దగ్గర స్థిరపడిపోతుంది.

ఆ మాయ స్టెరాయిడ్‌ది. అది చర్మంలోని సన్నటి రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది కాబట్టి తెలుపు కనిపిస్తుంది. రక్షణ కణాల గొడవను అణిచేస్తుంది కాబట్టి దురద పోతుంది. డాక్టరు చూసి, తగినది ఎంచి, ఇన్ని రోజులేనని లెక్కకట్టి ఇస్తే అది మంచి మందే. దాన్ని నిందించాల్సిన పనిలేదు. నెలల తరబడి ముఖానికి రాస్తేనే చిక్కు. చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి. మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఎండలోకి వెళ్తే మంట, సబ్బు పెడితే మంట, చివరికి మంచినీళ్లతో కడిగినా మంటే. ఆపేద్దామని చూస్తే రెండ్రోజుల్లో ముఖం కుంకుమలా ఎర్రబడుతుంది. భయపడి మళ్లీ రాస్తారు... మళ్లీ తగ్గుతుంది! "మా అమ్మాయిది సెన్సిటివ్ స్కిన్ అండీ, ఏదీ పడదు" అని చెప్పే ఇళ్లలో కొన్నిచోట్లయినా ఆ సున్నితత్వం పుట్టుకతో వచ్చింది కాదు, ట్యూబుతో కొనితెచ్చుకున్నది. ఈ పరిస్థితికి మన దేశపు చర్మవైద్యులు ఓ పేరే పెట్టారు... 'స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖం' అని.

ఇదేదో ఒకరిద్దరి సంగతి కాదు. దేశంలోని 12 కేంద్రాల్లో ముఖం మీద సమస్యతో చర్మవైద్యుల దగ్గరకొచ్చిన 2926 మందిని పరిశీలిస్తే, 433 మంది అప్పటికే ఇలాంటి పూతలు వాడుతున్నారని 2011లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. వారిలో 257 మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. మరీ ఘాటైన రకాలు ఎక్కువగా వాడుతున్నది పల్లెల్లో, పట్టణ శివార్లలో ఉండేవాళ్లేనట. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కొనే ముందు ట్యూబు మీది చిన్నక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లుసినోలోన్ లాంటి పేర్లుంటే అది ఫెయిర్‌నెస్ క్రీము కాదు, మందు.

వంటింటి చిట్కాలకీ పరీక్షే

ట్యూబుని తిట్టి వంటింటిని పొగిడితే సరిపోదు. దద్దు మీద నిమ్మచెక్క రుద్దుకుని మే నెల ఎండలోకి వెళ్లడం కన్నా పొరపాటు లేదు. నిమ్మజాతి రసం, ఎండ కలిస్తే చర్మం కాలి, నెలలు పోయినా వదలని నల్లమచ్చ మిగలొచ్చు. కాలినచోట టూత్‌పేస్టు రాయడం మరో అలవాటు. అందులోని పుదీనా ఘాటు, నురగనిచ్చే పదార్థం పుండు మీద కారం చల్లినట్టే. పసుపు కూడా అరుదుగానైనా కొందరికి పడదు. సెనగపిండితో నలుగు ఆరోగ్యంగా ఉన్న చర్మానికి సరదాయే. కందిన చర్మానికి మాత్రం రాపిడి. ఆదివారం పేజీల్లో వచ్చే సౌందర్య చిట్కాలన్నీ బాగున్న ముఖానికే అని గుర్తుపెట్టుకుంటే మేలు.

సీజను కాని రోజుల్లో దద్దు వస్తే, అది ఎక్కడొచ్చిందన్నదే ఆచూకీ. నుదుటి మధ్యన గుండ్రంగా వస్తే స్టిక్కరు బొట్టు జిగురునో, కుంకుమ రంగునో అనుమానించాలి. చెవుల వెనకా నుదుటి అంచునా వస్తే తల రంగు... మగవాళ్లకి పైపెదవి మీద వస్తే మీసం రంగు! కనురెప్పలకి కాటుక ఒక్కటే కారణం కాదు, చేతులకి వేసుకున్న గోళ్లరంగు కూడా కావచ్చు. తెలియకుండానే రోజుకి ఎన్నిసార్లు కళ్లు నలుపుకుంటామో లెక్కేసి చూడండి. మూతి చుట్టూ అయితే లిప్‌స్టిక్, టూత్‌పేస్టు. క్రీముల్లోనైతే ఎక్కువగా పట్టుబడేవి సువాసనలూ, నిల్వ ఉండేందుకు కలిపే రసాయనాలూ.

ముఖానికి సెలవులు

సరే, మండిపోతున్న ముఖానికి ఇప్పుడేం రాయాలి? దాదాపు ఏమీ వద్దు! వినడానికి నిరాశగానే ఉంటుంది. కానీ చర్మం పైపొర ఇటుకల గోడలాంటిది, మధ్యలో కొవ్వు సున్నంలా పట్టి ఉంచుతుంది. గోడ బీటలిచ్చినప్పుడు రోజుకో కొత్త క్రీము పూయడమంటే బీటల్లోకి కొత్త రసాయనం పోయడమే.

సొన పడితే వెంటనే సబ్బు, నీళ్లతో కడగాలి. అది నూనె జిడ్డు, ఉత్త నీళ్లకి పోదు. చేతులూ గోళ్ల సందులూ కూడా కడుక్కోవాలి. తువ్వాలు ఉతకాలి. దద్దు లేచిన తర్వాత మాత్రం ఆ చోట సబ్బు మానేయాలి. శుభ్రమైన నూలుబట్టను చల్లటి నీళ్లలో ముంచి, పిండి, పది నిమిషాలు వేసి ఉంచితే మంట దిగుతుంది. ఐసుముక్క నేరుగా పెట్టకూడదు. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి. తడి ఆరకముందే వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ పల్చగా రాయాలి. అంతే. పౌడరు, స్నో, ఫేషియల్, బ్లీచ్... అన్నింటికీ రెండు మూడు వారాలు సెలవు. ఎండకి గొడుగో, చీరకొంగో అడ్డం పెట్టుకుంటే చాలు.

ముఖం నెమ్మదించాక కొత్త వస్తువు ఏది కొన్నా ముందు మోచేతి మడతలో పరీక్షించండి. రోజుకి రెండుసార్లు చొప్పున వారం పాటు ఒకేచోట రాసి చూడాలి. ఒక్కపూట రాసి 'ఏం కాలేదు' అనుకోవడం కుదరదు. ఈ అలర్జీ రెండ్రోజులు ఆలస్యంగా వస్తుందని మామిడి చెప్పింది కదా! ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే దొంగ ఎవరో తేలదు.

నెలలుగా స్టెరాయిడ్ రాస్తున్నవాళ్లు సొంతంగా ఒక్కసారే ఆపేయకండి. చర్మవైద్యులు దాన్ని మెల్లగా తగ్గించి, మధ్యలో వచ్చే ఎరుపుకి వేరే మందులిస్తారు. కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కళ్లు మూసుకుపోయేంత వాపొచ్చినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా ఆగకూడదు. ఏది పడట్లేదో ఎంతకీ తేలకపోతే ప్యాచ్ టెస్ట్ ఉంది. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద చిన్న చిన్న బిళ్లలుగా అంటిస్తారు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, 96 గంటలకి మరోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు.

డాక్టరు దగ్గరికి బయల్దేరేటప్పుడు అద్దం దగ్గరున్నవన్నీ ఓ సంచిలో వేసుకుని వెళ్లండి. సబ్బు, బొట్టుబిళ్లల అట్ట, తల రంగు డబ్బా... పక్కింటి వదిన ఇచ్చిన, పేరైనా లేని ఆ తెల్ల క్రీము డబ్బా కూడా.