కంటి గవాక్షము

ఇంద్రియములలో కన్ను ప్రధానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ కంటి ముందు భాగమున, నల్లగ్రుడ్డును కప్పుచు, గడియారపు ముఖముపై నమర్చిన గాజుబిళ్ల వలె ఉబికియున్న పారదర్శకమైన పొర యొకటి కలదు. దానికి శుక్లపటలమని పేరు. వైద్యులు దానిని కార్నియా యందురు. దాని అడ్డుకొలత ఇంచుమించు 12 మిల్లీమీటర్లు. నడిమి భాగమున మందము అర మిల్లీమీటరునకు కొంచెమే యెక్కువ. వెలుతురున కడ్డము రాకుండుటకై అందు రక్తనాళములు లేవు. తనకు కావలసిన ప్రాణవాయువును ఆ పొర చాలవరకు కన్నీటి ద్వారా గాలినుండియే గ్రహించును.

కంటిలోనికి వచ్చు కిరణములను వంచి నేత్రపటలముపై చేర్చు పనిలో సుమారు మూడింట రెండు వంతులు ఈ పొరయే నిర్వహించును. తక్కిన వంతు లోపలి కటకము చేయును. కావున శుక్లపటలపు ఆకారము చెడినచో చూపును చెడును.

అట్లు ఆకారమును చెరచు వ్యాధులలో కెరటోకోనస్ ఒకటి. ఆ పేరునకు కొమ్ము వంటి శంకువు అని యర్థము. ఈ వ్యాధియందు శుక్లపటలము పలుచనై, బలము తగ్గి, క్రమక్రమముగా శంకువు వలె ముందునకు పొడుచుకొని వచ్చును. 1854లో జాన్ నాటింగ్‌హామ్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని విపులముగా వర్ణించెను.

ఈ వ్యాధి తరచుగా పాఠశాలలో చదువుకొను వయస్సుననే మొదలగును. ముప్పది, నలువది యేండ్ల వరకు పెరిగి, పిమ్మట చాలమందిలో నిలిచిపోవును. తొలిదశలో సాధారణముగా నొప్పి యుండదు. చూచువారికి కంటిలో ఏ లోపమును కనబడదు. కాని నల్లబల్లపై నున్న అక్షరములు అలుకుకొనిపోయినట్లుండును. ఒక దీపము రెండు మూడుగా తోచును. కండ్లజోడు మార్చిన కొలది నెలలకే అదియు చాలకపోవును. ఇది తెలియక, పిల్లవాడు శ్రద్ధగా చదువుట లేదని పెద్దలు మందలించుటయు కలదు.

ఈ వ్యాధి కొన్ని కుటుంబములలో పారంపర్యముగా వచ్చును. కండ్లను పదేపదే గట్టిగా నులుముకొనుట దీనిని ప్రకోపింపజేయును. ఆరని పచ్చికుండ గోడ పలుచగా నున్నచోట మాటిమాటికి వ్రేలితో నొత్తినచో దాని రూపము చెడకుండునా? దుమ్ము మొదలగువాని వలన కంటిదురద గలవారు నులుముట మాని, దురదకే చికిత్స చేయించుకొనవలెను.

వ్యాధిని కనిపెట్టు విధానము ఆసక్తికరమైనది. 1880 ప్రాంతమున పోర్చుగల్ దేశపు వైద్యుడు ఆంటోనియో ప్లాసిడో నలుపు తెలుపు వలయములు గల పలక నొకటి ఉపయోగించెను. ఆ వలయముల ప్రతిబింబము కంటిపై గుండ్రముగా పడినచో శుక్లపటలము సరిగా నున్నదని, వంకరలు పోయినచో ఆకారము చెడినదని గ్రహింపవచ్చును. నేటి కంప్యూటరు యంత్రములలో పెక్కింటికి ఈ సూత్రమే ఆధారము.

చికిత్స వ్యాధి ముదిరిన తీరును బట్టి యుండును. మొదట కండ్లజోడు చాలును. తరువాత గట్టి కాంటాక్టు లెన్సు అవసరమగును. లెన్సునకును శుక్లపటలమునకును నడుమ కన్నీరు నిండి, ఎగుడుదిగుడులను కప్పివేయుటచే చూపు తేటపడును. కాని ఇది వ్యాధిని ఆపజాలదు. ఆపుటకు జర్మనీలోని డ్రెస్డెన్ నగర వైద్యులొక మార్గమును కనుగొని, 2003లో ఫలితములను ప్రకటించిరి. బి2 విటమిను చుక్కలను కంటిలో వేసి, అతినీలలోహిత కిరణములను తగుమాత్రముగా ప్రసరింపజేయుదురు. పందిరి గుంజలకు అడ్డుకర్రలు కట్టిన అది బిగియునట్లు, శుక్లపటలమందలి పోగులు ఒకదానితో నొకటి బంధింపబడి గట్టిపడును. ఇందువలన వ్యాధి చాలమందిలో ఆగిపోవును. కాని చెడిన ఆకారము పూర్తిగా మరలి రాదు. తొలిదశలోనే కనుగొనవలెననుటకు కారణ మిదియే.

వ్యాధి మిక్కిలి ముదిరినచో, మరణించిన దాత శుక్లపటలమును రోగికి అమర్చుదురు. ఇట్టి మార్పిడిని తొలిసారి 1905లో, నేటి చెక్ దేశమందలి ఓలోమౌట్స్ నగరమున ఎడ్వర్డ్ జిర్మ్ జయప్రదముగా చేసెను. మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థయందును ఈ చికిత్స జరుగుచున్నది.

దాత కరుణ గొప్పది. కాని దాని యవసరము రాకుండ కాపాడుకొనుట అంతకంటె మేలు. దురద పుట్టినపుడు చేతిని కంటికి దూరముగా నుంచుట, అక్షరములు అలుకుకొనిపోయినపుడు దాచక పెద్దలకు చెప్పుట, కండ్లజోడు మాటిమాటికి మార్చవలసి వచ్చినపుడు శుక్లపటలమును పరీక్ష చేయించుకొనుట: ఈ మూడును ప్రతి విద్యార్థికిని సాధ్యములే.