మణికట్టు బెణికినపుడు

విద్యార్థులారా! ఒక్కసారి మీ కుడిచేతిని కనులయెదుట నుంచుకొని మణికట్టును ముందునకు, వెనుకకు, ప్రక్కలకు మెల్లగా వంచి చూడుడు. వ్రాయుటకును, అన్నము కలుపుటకును, బావినుండి నీరు చేదుటకును, బంతి విసరుటకును ఈ చిన్న కీలే ఆధారము. కుమ్మరి సారెయొద్దను, సాలెవాని మగ్గమునొద్దను జరుగు పనికి దీని బలమే మూలము. ఇట్టి కీలు దెబ్బతినినపుడు దానిని కదలింపక యుంచవలెనా, కదలింపవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియకపోవుటచే చేతిబలమును పోగొట్టుకొనినవారు కలరు.

మణికట్టునందు 8 చిన్న యెముకలు రెండు వరుసలుగా అమరియున్నవి. మొదటి వరుస ముంజేతి వైపునను, రెండవ వరుస అరచేతి వైపునను ఉండును. మొదటి వరుసలో బొటనవ్రేలి దిక్కున నున్న యెముక పడవను పోలియుండును. దాని ప్రక్కది నెలవంకను పోలియుండును. కావున వీనిని పడవయెముక, నెలవంకయెముక అని పిలుచుకొందము. ఈ యెముకలు సంచిలోని గులకరాళ్లవలె విడిపోకుండ గట్టి నారవంటి కట్లు వీనిని బంధించియున్నవి. వీనికి సంధిబంధనములని పేరు. వైద్యులు లిగమెంటులందురు.

మనము కాలుజారి పడునపుడు అప్రయత్నముగా అరచేతిని నేలకు ఆనించుదుము. శరీరభారము హఠాత్తుగా మణికట్టుపై బడును. అపుడు పడవయెముకను నెలవంకయెముకతో కలుపు బంధనము చినుగవచ్చును. ఎముక విరుగలేదు గదా యని మనవారు దానిని వట్టి బెణుకుగా నెంచి, నూనె రాచి మర్దనచేసి మరచిపోవుదురు. ఎక్స్‌రే చిత్రమున ఎముకలు కనబడునుగాని బంధనము కనబడదు. ఆ రెండెముకల నడుమ ఎడము పెరిగినచో మాత్రమే చినుగు బయటపడును. బంధనము పూర్తిగా తెగినను చికిత్స చేయనిచో ఎముకలు క్రమముగా స్థానము తప్పి, కొన్ని యేండ్లకు కీలు అరిగిపోవును. అందుచే పడిన పిమ్మట కొలదిదినములలో నొప్పి, వాపు తగ్గనిచో వైద్యునికి చూపుట అవశ్యము. పూర్తిగా తెగినదానికి శస్త్రచికిత్స కావలసిరావచ్చును. కొంత చినిగినదానికి తరచుగా బద్దకట్టును, క్రమబద్ధమైన చలనమును చాలును.

ఈ విషయమున నేను చేసిన తప్పులు మీకు చెప్పెదను. ఉద్యోగ విరమణకు రెండేండ్లు ముందుగా, ఒక వానాకాలమున పాఠశాల మెట్లపై జారిపడితిని. వైద్యుడు బద్దకట్టు కట్టి, కొన్ని వారములు తీయరాదనెను. పన్నెండవ దినమునకు నొప్పి తగ్గినది. ఇక భయము లేదనుకొని కట్టు విప్పి, నీళ్ల బొక్కెన ఎత్తితిని. ఆ రాత్రికే చేయి మరల పొంగినది. అంతట నాకు భీతి కలిగినది. తరువాత వైద్యుడు, "ఇక మెల్లగా కదలింపుము" అని చెప్పినను వినక, చేతిని రాతివలె బిగించి యుంచుకొంటిని. మణికట్టు బిగుసుకొనిపోయినది. నల్లబల్లపై సుద్దముక్కతో ఒక్క పంక్తియైన వ్రాయలేకపోతిని. మొదటి తప్పు తొందర, రెండవది భయము.

ఇట్లేల జరుగునో తెలిసికొనుడు. గాయపడిన మొదటి కొలదిదినములలో వాపు వచ్చి, శరీరము చెడిన భాగమును తొలగించుకొనును. తరువాత కొన్ని వారములు కొలాజెన్ అను పదార్థపు పోగులు క్రొత్తగా పుట్టును. ఇవి మొదట చిక్కుపడిన నూలువలె అడ్డదిడ్డముగాను, బలహీనముగాను ఉండును. నొప్పి తగ్గినంతమాత్రమున ఇవి గట్టిపడినట్లు కాదు. అపుడు బరువెత్తినచో పుట్టుకునే తెగును. ఆ పిమ్మట, ఒక్కొక్కపుడు సంవత్సరమువరకును, ఆ పోగులు తమపై బడు లాగుడు ననుసరించి వరుసగా అమరి బలపడును. ఆ కాలమున లాగుడే లేనిచో అవి సరిగా అమరవు. కీలును బిగుసుకొనును.

ఈ రెండు పక్షములును వైద్యులలోనే ఒకపుడు ఉండెను. ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) బద్దలు కట్టి, దీర్ఘమైన సంపూర్ణ విశ్రాంతి నొసగవలెనని బోధించెను. పారిస్ నగరమున లూకా షాంపియోనియేర్ (1843–1913) మృదువైన మర్దనమును, శీఘ్రముగా చలనమును ఆరంభింపవలెననెను. విశ్రాంతికొక కాలము, చలనమునకొక కాలము కలదని నేటి వైద్యులు గ్రహించియున్నారు.

కట్టు ఉన్న దినములలోను వైద్యుడు వలదనని యెడల వ్రేళ్లను, మోచేతిని, భుజమును కదలించుచుండవలెను. వ్రేళ్లు నీలివర్ణము దాల్చినను, తిమ్మిరెక్కినను కట్టు మిక్కిలి బిగువుగా నున్నదని తెలిసికొని వెంటనే వైద్యునికి చూపవలెను. పిమ్మట వైద్యుని యనుమతితో దినమునకు కొన్ని పర్యాయములు కట్టు తీసి, చెప్పిన మేరకే మణికట్టును కదలించి, మరల కట్టుకొనవలెను. మేకు కొట్టు వడ్రంగి చేతిని గమనింపుడు. సుత్తి ఎత్తునపుడు మణికట్టు బొటనవ్రేలి దిక్కుగా వెనుకకును, దించునపుడు చిటికెనవ్రేలి దిక్కుగా ముందునకును ఏటవాలుగా వంగును. ఈ చలనమున రెండు వరుసల నడుమనున్న సంధియే ఎక్కువగా పనిచేయును. పడవ, నెలవంక యెముకలు స్వల్పముగానే కదలును. కావున సుత్తి లేకుండ, వట్టిచేతితో ఈ చలనమునే పలువురు చికిత్సకులు మొదట నేర్పుదురు. పిడికిలి బిగించుట మాత్రము కడపట రావలెను. గట్టిగా బిగించినపుడు రెండవ వరుసలోని పెద్ద యెముక ఆ రెండెముకల నడుమకు త్రోసికొనివచ్చి, అతుకుచున్న బంధనమును విడదీయ యత్నించును.

నేను ఇట్లే అభ్యసించి, ఆరు నెలల పిమ్మట మరల నల్లబల్లపై వ్రాయగలిగితిని. కాని నా మణికట్టు నేటికిని పూర్తిగా వెనుకకు వంగదు. మీలో నెవరికైన ఇట్టి గాయము తగిలినచో, నొప్పి తగ్గినదని తొందరపడకుడు. నొప్పి వచ్చునేమో యని భయపడి, కదలింపుమన్ననాడు మానకుడు. కట్టు విప్పవలసిన దినమును మీరు గాక, వైద్యుడు నిర్ణయించునట్లు చూచుకొనుడు.