కంప్యూటరే కోడ్ రాస్తే... కొలువు మాటేమిటి?

ఇంటర్ ఫలితాలొచ్చి, ఎప్‌సెట్ ర్యాంకు చేతికందిందంటే చాలు... కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో మొన్నమొన్నటిదాకా ఎన్నో ఇళ్లల్లో వినిపించే ప్రశ్న ఒకటే. 'ఏ కాలేజీ?' అని. 'ఏ బ్రాంచి?' అని అడిగే పనే ఉండేది కాదు. కంప్యూటర్ సైన్స్ దొరికితే ఒడ్డున పడ్డట్టే! ఇప్పుడా ఇళ్లల్లోనే కొత్త అనుమానం మొదలైంది. 'కోడ్ కూడా కంప్యూటరే రాస్తోందట కదా... మనవాడు నాలుగేళ్లు చదివి బయటికొచ్చేసరికి ఉద్యోగాలుంటాయా?'

కొట్టిపారేయాల్సిన అనుమానం కాదిది. చెరకు, వరి, బోరు పడితేనే పంట, ఇంట్లో ఆడవాళ్ల చేతిలో బీడీల చాట... ఇక్కడి బతుకుతెరువులు ఇవే. వాటితో ఇల్లు గడవక తండ్రి గల్ఫ్ బాట పడితే, కొడుకునో కూతురినో 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా హైదరాబాద్ పంపించడం ఆ ఇంటి ఆశ. ఎడారిలో ఏళ్లతరబడి కూడబెట్టిన పైసలు ఇంజినీరింగ్ ఫీజుగా మారతాయి. ఆ చదువుకు విలువ లేకుండా పోతుందంటే ఆ ఇంటి గుండె గుభేలుమనక ఏంచేస్తుంది?

ఈసారి తేడా ఏమిటి?

సాఫ్ట్‌వేర్ రంగానికి గడ్డురోజులు కొత్తకాదు. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. వైటూకే పుణ్యమా అని మనవాళ్లు అమెరికా విమానమెక్కారు. 2001లో డాట్‌కామ్ బుడగ పేలి చాలామంది తిరిగొచ్చారు. 2008లో మాంద్యం మళ్లీ కుదిపేసింది. రెండుసార్లూ కొలువులు తగ్గాయి, మళ్లీ పుంజుకున్నాయి.

ఈసారి సంగతి కాస్త వేరు. 2021లో కోడ్ రాయడంలో సాయంచేసే కోపైలట్ వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. కోట్లకొద్దీ పేజీల రాతల్ని చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేయడం నేర్పితే తయారైన యంత్రాలివి. తెలుగు వాక్యమైనా, జావా ప్రోగ్రామైనా వాటికి వరసే ముఖ్యం. చిన్న ప్రోగ్రాం రాయడం, తప్పులు వెతకడం, టెస్టింగ్ చేయడం... ఈ పనులు చకచకా చేసేస్తున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి కంపెనీలు అప్పగించే పనులూ అవే! మెట్ల వరసలో మొదటి మెట్టునే ఎవరో తీసేస్తున్నట్టు.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించినప్పుడు ఈ భయం ఇంకా పెరిగింది. ఆ కంపెనీ ఏఐని కారణంగా చూపలేదు. నైపుణ్యాలు అవసరాలకు సరిపోకపోవడమే కారణమంది. పైగా కోతలో ఎక్కువమంది మధ్యస్థాయి, పైస్థాయివాళ్లే. అంటే... ఎక్కిన మెట్టు మీదే ఆగిపోయినా ప్రమాదమేనన్నమాట.

జోస్యాల్ని నమ్మొచ్చా?

ఇకమీదట పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదన్నట్టుగా 2024 ఫిబ్రవరిలో దుబాయ్ సదస్సులో మాట్లాడారు ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్. ఏఐకి కావాల్సిన చిప్‌లు అమ్మేది ఆయన కంపెనీయే అన్నది మరచిపోకూడదు. ఇంకో ఉదాహరణా ఉంది. తర్వాత 2024లో నోబెల్ అందుకున్న జెఫ్రీ హింటన్, 2016లోనే రేడియాలజిస్టులకు శిక్షణ ఆపేయాలన్నారు. అయిదేళ్లలో ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూడటంలో యంత్రమే వాళ్లను మించిపోతుందని ఆయన అంచనా. అయిదేళ్లు దాటాయి. రేడియాలజిస్టులు ఇంకా ఉన్నారు, వాళ్ల చేతిలోకి కొత్త పనిముట్టు వచ్చింది. అలాగని అన్ని ఉద్యోగాలూ అలాగే మిగులుతాయని కాదు. మేధావుల లెక్కలూ తప్పుతాయని మాత్రం అర్థం.

లింగంపేట చెప్పిన పాఠం

సాఫ్ట్‌వేర్ అంటే కోడ్ ఒక్కటేనా? జవాబు కోసం అమెరికా వెళ్లక్కర్లేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలోని లింగంపేట చాలు. భూముల లెక్కలన్నీ ఆన్‌లైన్లో ఉండాలని 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ తెచ్చారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట జరిగే ఏర్పాటు. కానీ పేరులో తప్పు, విస్తీర్ణంలో తేడా, సాదాబైనామా... ఇలాంటి చిక్కులున్న రైతులు ఏళ్లపాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ప్రయోగాత్మకంగా ముందు ఎంపిక చేసిన నాలుగు మండలాల్లో లింగంపేట ఒకటి. అక్కడ మొదట జరిగిందేమిటి? అధికారులు ఊళ్లకెళ్లి, రెవెన్యూ సదస్సులు పెట్టి, రైతుల దగ్గర దరఖాస్తులు తీసుకున్నారు. కంప్యూటర్ పరిష్కరించాల్సిన చిక్కును ముందు మనిషి మనిషిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది!

ఓ దరఖాస్తు పేజీకి కావాల్సిన కోడ్‌ని ఏఐ ఇప్పుడు నిమిషాల్లో రాసిస్తుంది. కానీ అన్నదమ్ముల నోటిమాట పంపకాలు, పాసుబుక్కులో ఒకరి పేరు, పొలంలో ఇంకొకరి నాగలి... ఇవన్నీ ఉంటాయని దానికి ఎవరో చెప్పాలి. తండ్రి వెంట తహసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడ్డ ఎల్లారెడ్డి అమ్మాయికి అది పుస్తకం చదవకుండానే తెలుసు. దానికి కంప్యూటర్ చదువు తోడైతే అంతకుమించిన అర్హత ఏముంటుంది?

ఆయన చదివింది సివిల్

ఏఐ అనగానే అమెరికావాళ్ల సొత్తనుకుంటాం. ఆ రంగానికి పునాదులేసినవాళ్లలో మన తెలుగాయనా ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి... ప్రపంచానికి రాజ్ రెడ్డి. మద్రాసు గిండీ కాలేజీలో ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్! ఆ తర్వాతే కంప్యూటర్ల వైపు మళ్లి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు. మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేయడంపై దశాబ్దాలు శ్రమించారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పాటైన ఆర్జీయూకేటీకి తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. బ్రాంచి పేరు తలరాత కాదనడానికి అంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

మరేం చేయాలి?

* కోర్సు పేరులో ఏఐ ఉందా లేదా అని కాదు, లెక్కలు, అల్గారిథమ్స్ లాంటి మూలాలు గట్టిగా నేర్పుతున్నారా అన్నది చూడాలి.

* ముందు సొంతంగా ప్రోగ్రాం రాయడం రావాలి. ఆ తర్వాతే ఏఐ సాయం. యంత్రం తప్పును కూడా ధీమాగానే చెబుతుంది. పట్టుకోవడం మన పని.

* ఏదైనా ఒక రంగం తెలిసి ఉండాలి... వ్యవసాయమో, వైద్యమో, బ్యాంకింగో. కామారెడ్డిలోనే డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. పాల సేకరణ గురించి తెలిసినవాళ్లకి కంప్యూటరూ వస్తే ఆ లెక్కే వేరు.

* యాజమాన్య కోటా సీటు కోసం పొలం అమ్మేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. కోర్సు మారొచ్చు, పొలం తిరిగి రాదు.

అయితే భారమంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. పల్లె నుంచి వెళ్లిన కుర్రాడు ఆఫీసు పద్ధతులు, ఇంగ్లిషు, బృందంతో పనిచేయడం నేర్చుకునేది మొదటి ఉద్యోగంలోనే. ఫ్రెషర్లను తీసుకోవడం కంపెనీలు మానేస్తే పదేళ్ల తర్వాత అనుభవజ్ఞులు ఎక్కణ్నుంచి వస్తారు? ఈ ప్రశ్నకు కంపెనీలూ, కాలేజీలూ, ప్రభుత్వమూ జవాబు చెప్పాలి.

బెల్లానికి పేరున్న ప్రాంతమిది. ఎడ్ల గానుగ పోయి కరెంటు గానుగ వచ్చింది. చెరకు పిండటానికి ఎద్దులు అక్కర్లేకపోయాయి. కానీ పెనంలో కాగుతున్న రసాన్ని చూసి, పాకం ఎప్పుడు కుదిరిందో చెప్పే మనిషి అవసరం మాత్రం పోలేదు. పిల్లలకు ఇప్పుడు నేర్పాల్సింది ఆ పాకం పట్టడమే!