మాచర్ల, చుట్టూ తండాలు

బాలలూ, పల్నాడులో చంద్రవంక ఏటి ఒడ్డున మాచర్ల అనే చిన్న పట్టణం వున్నది. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని పల్నాటి వీరగాథలు చెబుతాయి. దానినే "చాపకూడు" అంటారు.

మాచర్లనుంచి నాగార్జునసాగరం వెళ్ళే దారిలో ఎత్తిపోతల జలపాతం వస్తుంది. అక్కడ చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకి, ముందుకు సాగి కృష్ణలో కలుస్తుంది.

ఈ ప్రాంతంలో లంబాడీల తండాలు చాలా వున్నవి. వీరి పూర్వులు ఎడ్లమీద ఉప్పూ, ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగినవారు. వీరి ఇంటిభాష తెలుగుకు చుట్టం కాదు; రాజస్థానీకి చుట్టం. తల్లిని "యాడి" అంటారు, నీళ్ళను "పాణి" అంటారు. ఆ భాషకు అనాదిగా సొంత లిపి లేదు.

మరి తండా పిల్ల మొదటిసారి బడికి వస్తే ఏమవుతుంది? మీరు అక్షరాలు మాత్రమే నేర్చుకుంటారు. ఆ పిల్ల అక్షరాలతోపాటు కొత్త భాష కూడా నేర్చుకోవాలి! అంటే, మీకన్న రెట్టింపు కష్టపడుతున్నదన్నమాట. ఆమె మాట తడబడితే నవ్వకండి. "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగి, మీరూ ఒక మాట నేర్చుకోండి. బ్రహ్మనాయుడి ఊళ్ళో బడిబల్లమీద అందరికీ చోటుండాలి కదా!